పెట్రోల్ బండా, కరెంటు బండా? బెజవాడ, గుంటూరు రోడ్ల మీద ఎవరికి ఏది

మా బావమరిది గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటాడు, ఉద్యోగం మంగళగిరిలో. నెల రోజులుగా రాత్రి తొమ్మిదైతే చాలు ఫోను. "బావా, ఎలక్ట్రిక్ తీసుకోమంటావా, స్ప్లెండరే తీసుకోమంటావా?" ఒకరోజు ఎలక్ట్రిక్ బండ్లన్నీ తగలబడిపోతాయని ఎవరో పెట్టిన వీడియో చూసి పెట్రోల్ వైపు తిరుగుతాడు, మర్నాడు పాత బండికి బంకులో ఐదొందలు కొట్టించి మళ్లీ కరెంటు వైపు వస్తాడు. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందనిపించింది.

నేనుండేది పటమటలో. ఏడేళ్లు 125 సీసీ పెట్రోల్ బండి నడిపాను. ఏడాదిన్నరగా ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ నడుపుతున్నా. పాతది అమ్మలేదు, నాన్న వాడుతున్నారు, ఊరు దాటి దూరం వెళ్లాల్సి వస్తే ఆయన్ని బతిమాలి నేనూ తీసుకుంటాను. కాబట్టి రెండింటి మీదా నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది.

ముందు ఈ ఐదూ తేల్చుకోండి

షోరూమ్‌కి వెళ్లగానే రంగు, స్క్రీను, బ్లూటూత్ అని మొదలుపెడతారు. అవన్నీ తర్వాత. మొదటి ప్రశ్న: బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అక్కడ మీకంటూ ఒక ప్లగ్గు ఉందా? దీనికి జవాబు "లేదు" అయితే మిగతా లెక్కలు ఎంత బాగున్నా ఎలక్ట్రిక్ మీకు తలనొప్పే. రెండోది, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఊహించి చెప్పొద్దు, ఇప్పుడున్న బండి మీటరు ఈ రోజు రాసుకుని నెల తర్వాత మళ్లీ చూడండి. చాలామంది తాము తిరిగేదానికి రెట్టింపు చెబుతారు. మూడోది, ఒక్క రోజులో మహా అయితే ఎంత దూరం, అదీ ఏ స్పీడులో? నాలుగోది, బండి ఎన్నేళ్లు ఉంచుకుంటారు? ఐదోది, నడిరోడ్డు మీద ఆగిపోతే బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?

కొనే ధర గురించి అందరూ ముందే మాట్లాడతారు కాబట్టి నేను ఆ లిస్టులో పెట్టలేదు. దాని సంగతి కూడా చూద్దాం.

ధర: ఇప్పుడు పెట్రోల్ వైపే మొగ్గు

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఎలక్ట్రిక్‌కి ముందునుంచీ 5 శాతమే, అక్కడ తగ్గడానికేం లేదు. మరోపక్క కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఏటికేడాది కరిగిపోతూ వచ్చింది. ఒకప్పుడు బ్యాటరీలో పట్టే ఒక్కో యూనిట్ కరెంటుకి 15 వేలు ఇచ్చేవారు. 2023 జూన్ నుంచి 10 వేలు చేశారు, 2024లో 5 వేలు, 2025 ఏప్రిల్ నుంచి రెండున్నర వేలు. అంటే "సబ్సిడీ వస్తుంది కదా" అని బండి కొనే రోజులు పోయాయి. షోరూమ్‌ వాళ్లు నోటితో చెప్పే ధర కాకుండా, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్, చార్జర్ అన్నీ కలిపి ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. చార్జర్‌కి విడిగా డబ్బులడిగే చోట్లు కూడా ఉన్నాయి.

ఇంకో మాట. ఎలక్ట్రిక్ బండి లోన్ వడ్డీ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గుతుందని ఇప్పటికీ చెప్పే సేల్స్ కుర్రాళ్లున్నారు. ఆ మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్‌లకే. కొత్తవాటికి లేదు.

స్థూలంగా, వంద సీసీ పెట్రోల్ బండి ఆన్‌రోడ్ లక్షకు అటూ ఇటూగా వస్తే, పనికొచ్చే బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్‌కి ఇంకో ముప్ఫై, నలభై వేలు పైన పెట్టాల్సి ఉంటుంది. ఆ పైన పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందన్నదే అసలు ప్రశ్న.

నెల ఖర్చు: పెన్నూ కాగితం తీయండి

మన రాష్ట్రంలో పెట్రోల్ మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. దేశంలో పెట్రోల్ బాగా ఖరీదున్న రాష్ట్రాల్లో మనదొకటి. లెక్క కోసం లీటరు 110 అనుకుందాం. ఆ 110తోనే ఎలక్ట్రిక్ బండికి మన దగ్గర బలం వస్తోంది. ఇదే లెక్క పెట్రోల్ చవగ్గా ఉన్న రాష్ట్రంలో వేస్తే ఇంత తేడా కనిపించదు.

కరెంటు సంగతి. బ్యాటరీ మీద "కిలోవాట్ అవర్" అని రాసి ఉంటుంది కదా, అది మన కరెంటు బిల్లులో యూనిటే. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే మూడు యూనిట్లు పట్టే డబ్బా. చార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలిపితే, సాధారణ సైజు మోటార్‌సైకిల్‌కి వంద కిలోమీటర్లకు గోడ దగ్గర మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు కాలుతాయి. నాకు సగటున 3.7 వస్తోంది.

ఇక్కడ ఒక కిటుకు చాలామంది మర్చిపోతారు. మన ఇళ్ల బిల్లు స్లాబుల్లో ఉంటుంది: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. బండికి పోయే యూనిట్లు మీరు ఇప్పటికే వాడుతున్నవాటి పైన వచ్చి కూర్చుంటాయి. కాబట్టి "యూనిట్ మూడు రూపాయలే" అని లెక్కేసి చూపించేవాణ్ని నమ్మకండి. ఏసీ ఉన్న ఇంట్లో బండి యూనిట్ ఖరీదు 8.75. సర్దుబాటు చార్జీలు అదనం. నేను కింద వేసిన లెక్కంతా 8.75తోనే.

| నెలకు తిరిగేది | పెట్రోల్ (లీటరుకు 60 కి.మీ.) | ఎలక్ట్రిక్ | నెలకు మిగులు | పైన పెట్టిన 40 వేలు తిరిగొచ్చేది |
|---|---|---|---|---|
| 250 కి.మీ. | రూ.460 | రూ.80 | రూ.380 | దాదాపు తొమ్మిదేళ్లకు |
| 1,000 కి.మీ. | రూ.1,830 | రూ.325 | రూ.1,500 | రెండేళ్ల మూడు నెలలకు |
| 3,000 కి.మీ. | రూ.5,500 | రూ.970 | రూ.4,530 | తొమ్మిది నెలలకు |

మొదటి వరస ఇంకోసారి చూడండి. రోజూ పది కిలోమీటర్లు తిరిగే రిటైర్డ్ మాస్టారికి "పెట్రోల్ ఖర్చు తప్పుతుంది" అని ఎలక్ట్రిక్ బండి అంటగట్టడం న్యాయం కాదు. ఆయనకు శబ్దం లేని బండి కావాలి, క్లచ్చు నొక్కలేకపోతున్నారు అంటే అది వేరే కారణం, మంచి కారణమే. డబ్బు కోసమైతే మాత్రం కాదు.

అద్దె ఇళ్లలో ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి పది రూపాయలు వసూలు చేసినా వెయ్యి కిలోమీటర్లకు 370 దాటదు. అంటే రేటుతో పెద్ద ఇబ్బంది లేదు. ఓనరు ప్లగ్గు ఇస్తాడా ఇవ్వడా అన్నదే ఇబ్బంది.

రేంజ్: బోర్డు మీద ఒకటి, వారధి మీద ఒకటి

కంపెనీలు చెప్పే రేంజ్, అంటే ఒక్క ఫుల్ చార్జింగ్‌తో వెళ్లే దూరం, పరీక్ష కేంద్రంలో ఒక పద్ధతి ప్రకారం నడిపితే వచ్చింది. అబద్ధం కాదు కానీ మన రోడ్డు కాదు. ఈ విషయంలో రివోల్ట్ వాళ్లు ఆర్‌వీ400 అనే ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్‌కి ఇచ్చిన అంకెలు చూస్తే అసలు సంగతి బాగా అర్థమవుతుంది: 3.24 యూనిట్ల బ్యాటరీతో ఎకో మోడ్‌లో 45 స్పీడు దగ్గర 150 కిలోమీటర్లు, నార్మల్‌లో 65 దగ్గర 100, స్పోర్ట్‌లో 85 దగ్గర 80. అదే బండి, అదే బ్యాటరీ. స్పీడు రెట్టింపుకు దగ్గరయ్యేసరికి దూరం సగానికి పడిపోయింది. గాలి అడ్డుకునే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది, స్కూల్లో చదివిందే, అప్పుడు దేనికి పనికొస్తుందో తెలీలేదు.

పెట్రోల్ బండిలోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏంటంటే స్ప్లెండర్ ట్యాంకులో 9.8 లీటర్లు పడుతుంది, అంటే నిండుగా ఉంటే ఐదొందల కిలోమీటర్ల పైమాటే, మైలేజీ ఓ పది శాతం తగ్గినా మనకి తెలియను కూడా తెలియదు. ఎలక్ట్రిక్‌లో ఆ పది శాతం కళ్ల ముందే కరిగిపోతూ కనిపిస్తుంది.

నా అనుభవం చెబుతా. మూడు యూనిట్ల పైచిలుకు బ్యాటరీ. పటమట నుంచి గుంటూరు లక్ష్మీపురం వెళ్లి రావడం డెబ్భై, డెబ్భై ఐదు. ఒక్కణ్నే 55 స్పీడులో వెళ్తే ఇంటికొచ్చేసరికి పావు వంతు మిగులుతుంది. పోయిన వేసవిలో పెళ్లికి ఆలస్యమైందని మా ఆవిణ్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద 75, 80 లాగించా, పైగా తిరిగొచ్చేటప్పుడు కృష్ణ మీద ఎదురుగాలి. తాడేపల్లి దాటేసరికి తొమ్మిది శాతం. వారధి మీద ముప్ఫై స్పీడులో వెళ్తుంటే పక్కనుంచి ఆటోలు దాటిపోతున్నాయి, ఆవిడ ఏమీ అనలేదు కానీ ఆ అనకపోవడంలోనే అన్నీ ఉన్నాయి. అప్పటినుంచి నా లెక్క ఒకటే: కంపెనీ చెప్పిన రేంజ్‌లో అరవై శాతం నాది. మీరు ఒక్క రోజులో తిరిగే గరిష్ఠ దూరం ఆ అరవై శాతంలోపు ఉంటే టెన్షన్ ఉండదు.

హైదరాబాద్ 275 కిలోమీటర్లు. పెట్రోల్ బండి మీద టీ కోసం ఆగుతారు. ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ మీద చార్జింగ్ కోసం ఆగి, అది ఎక్కేలోపు టీ, టిఫిను, భోజనం, కునుకు అన్నీ కానిస్తారు. పెద్ద బ్యాటరీ బండ్లు లేవా అంటే ఉన్నాయి, బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ ఎఫ్77కి 10.3 యూనిట్ల బ్యాటరీ ఉంది, టాప్ స్పీడు 155. ఖరీదు మూడు లక్షలు దాటుతుంది. అది కొనేవాళ్లు ఇలాంటి వ్యాసం చదివి కొనరు.

చార్జింగ్: ప్లగ్గు ఉంటే సరిపోదు

2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, రాత్రి పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. ఆ ఏడాది దేశమంతా అలాంటి మంటలు వరసగా జరిగాక బ్యాటరీ పరీక్షలు కఠినం చేశారు. ఏఐఎస్-156 నిబంధనల సవరణలు 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి చివర నుంచి రెండో విడత అమల్లోకొచ్చాయి. అందుకని సెకండ్‌హ్యాండ్‌లో 2023కి ముందు తయారైన ఎలక్ట్రిక్ బండి ఎంత చవగ్గా వచ్చినా నేనైతే ముట్టను.

కొత్తదైనా సరే, జాగ్రత్త మనది. 15 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్, విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి). ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక తీగ ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి బాల్కనీలోంచి తీగ వేలాడదీయడం అసలొద్దు. ఎండలో తిరిగొచ్చిన వెంటనే పెట్టకుండా ఓ అరగంట చల్లారనివ్వండి. బ్యాటరీ విప్పి పైకి తీసుకెళ్లే బండైతే బరువు ఒకసారి ఎత్తి చూడండి. పదిహేను, ఇరవై కిలోల డబ్బాని లిఫ్టు లేని మూడో అంతస్తుకి రెండు రోజులు మోస్తారు, మూడో రోజు బండి మూలన పెడతారు. పైకి తెచ్చినా వంటింట్లో, పడకగదిలో, గుమ్మం దగ్గర దారికి అడ్డంగా మాత్రం పెట్టకండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇంకో గొడవ. కామన్ మీటరు నుంచి ఇవ్వమంటే అసోసియేషన్ మీటింగ్‌లో యుద్ధమే. మా దగ్గర నాలుగు నెలలు పట్టింది, చివరికి నా ఫ్లాట్ మీటరు నుంచి కిందికి పైపులో తీగ దింపించుకున్నా, అయిన ఖర్చంతా నాదే. బండి బుక్ చేసే ముందే ఈ పని తేల్చుకోండి, తర్వాత కాదు.

ఎండ, వాన

రెంటచింతల పక్కన ఉన్నవాళ్లం, ఎండ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు, అందులోనూ నూరు శాతం నింపి ఎండలో నిలబెట్టడం ఇంకా చేటు. రోజువారీ ఎనభై శాతానికి ఆపేస్తే, నీడలో పెడితే ఆయుష్షు పెరుగుతుంది. కొనేటప్పుడు బ్యాటరీ రకం అడగండి. ఎల్‌ఎఫ్‌పీ అంటే కాస్త బరువు, అదే సైజులో తక్కువ కరెంటు పడుతుంది, కానీ వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎక్కువసార్లు చార్జ్ చేసుకోవచ్చు. ఎన్‌ఎంసీ అంటే తేలిక, ఎక్కువ దూరం, వేడి దగ్గర కాస్త సున్నితం. మన ఊళ్లకి నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. ఓబెన్ లాంటి కొన్ని కంపెనీలు అదే వాడుతున్నాయి.

వాన సంగతి 2024 సెప్టెంబర్ నేర్పింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, బండ్లన్నీ మునిగాయి. బ్యాటరీల మీద ఐపీ67 అని రాస్తారు, దానర్థం ఒక మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని. అరగంట, నాలుగు రోజులు కాదు. నీళ్లు తగ్గాక పెట్రోల్ బండ్లని మెకానిక్కులు విప్పి, ఆయిలు, ప్లగ్గు, ఫిల్టరు మార్చి, ట్యాంకు కడిగి చాలావరకు లేపారు. రోజులపాటు నానిన బ్యాటరీని అలా లేపే పని వీధి చివర మెకానిక్ చేయలేడు, చేయకూడదు కూడా. మీ వీధి పల్లంలో ఉంటే ఇది చిన్న విషయం కాదు. ఏ బండైనా ఫుల్ ఇన్సూరెన్సు తీసుకోండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మునిగిన బండికి పైసా రాదు. మామూలు వాన, మోకాలి లోతు కూడా లేని రోడ్డు నీళ్లు, వీటికి భయపడాల్సిన పనైతే లేదు, బందరు రోడ్డులో రెండు వానాకాలాలు దాటించా.

చెడితే ఎవరు చూస్తారు

ఇక్కడ పెట్రోల్ బండి చాలా ముందుంది, మొహమాటం లేకుండా చెబుతున్నా. ఆటోనగర్ ఉన్న ఊరు మనది. స్ప్లెండర్ ఎక్కడ ఆగినా పావుగంట నెట్టుకుంటూ వెళ్తే ఒక మెకానిక్ దొరుకుతాడు, ఆదివారం కూడా. ఎలక్ట్రిక్‌లో చెడేవి తక్కువ, నిజమే. ఇంజిన్ ఆయిలు లేదు, క్లచ్చు ప్లేట్లు లేవు, స్పార్క్ ప్లగ్గు లేదు. పాత బండికి ఏడాదికి సర్వీసులకే నాలుగైదు వేలయ్యేది. దీనికి ఏడాదిన్నరలో బ్రేక్ ప్యాడ్లూ వెనక టైరూ తప్ప పెద్దగా ఏమీ పెట్టలేదు (టైరు మాత్రం త్వరగా అరుగుతుంది, పికప్ అలాంటిది).

కానీ చెడినప్పుడు? మోటారుని నడిపించే కంట్రోలర్ ఒకసారి పోయింది. వారంటీలోనే ఉంది, డబ్బులు తీసుకోలేదు. పార్టు రావడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది, ఫోన్ చేస్తే "టికెట్ రైజ్ చేశాం సార్" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ పదకొండు రోజులు నాన్న పాత బండే నన్ను ఆఫీసుకి తీసుకెళ్లింది. ఇంట్లో రెండో బండి లేనివాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

అందుకే బ్రాండ్ ఎంచుకునేముందు షోరూమ్‌ కాదు, సర్వీస్ సెంటర్ చూడండి. ఓ శనివారం పొద్దున వెళ్లి బయట నిలబడి, బండి సర్వీసుకి తెచ్చినవాళ్లని ఎన్ని రోజులైందని అడగండి. సేల్స్ వాళ్లు గంటలో చెప్పేది వాళ్లు రెండు ముక్కల్లో చెబుతారు. బ్యాటరీ వారంటీ కొన్ని కంపెనీలకు ఐదేళ్లు, కొన్నిటికి ఎనిమిది. ఏళ్లతో పాటు కిలోమీటర్ల పరిమితీ ఉంటుంది. ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారన్నది కాగితం మీద వెతకండి.

తిరిగి అమ్మేటప్పుడు కూడా పెట్రోల్‌దే పైచేయి. ఐదేళ్ల స్ప్లెండర్‌కి కొనేవాడు వీధిలోనే ఉంటాడు. ఎలక్ట్రిక్ బండికి మొదటి ప్రశ్న "బ్యాటరీ ఎలా ఉంది?", దానికి మీరు ఏం చెప్పినా అవతలివాడు నమ్మడు. రెండు, మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటు ఉంటే ఎలక్ట్రిక్ కొనొద్దు. కొంటే అరిగేదాకా వాడండి.

నడపడంలో తేడా

ఇది రాయకపోతే ఎలక్ట్రిక్‌కి అన్యాయం చేసినవాణ్నవుతా. సాయంత్రం ఆరున్నరకి బెంజ్ సర్కిల్ దగ్గర, క్లచ్చు పట్టి వదిలి పట్టి వదిలి ఎడమ చెయ్యి పడిపోయేది. ఇప్పుడు ఆ బాధ లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే బండి కూడా నోరు మూసుకుని నిలబడుతుంది, కాళ్లకు ఇంజిన్ సెగ తగలదు. మే నెలలో దాని విలువ తెలుస్తుంది. పచ్చ లైటు పడగానే ముందుకు దూకడం కూడా సరదాగానే ఉంటుంది. అయితే శబ్దం లేకపోవడం వల్ల అరండల్‌పేట లాంటి రద్దీలో మనం వస్తున్నట్టు ఎవరికీ తెలియదు, హారన్ మీద వేలు ఉంచాల్సిందే.

గేర్లు మార్చకపోతే బండి నడిపినట్టే ఉండదు అనేవాళ్లకి మ్యాటర్ ఏరా అని నాలుగు గేర్ల ఎలక్ట్రిక్ బండి ఉంది. డుగ్‌డుగ్ శబ్దమే కావాలి అంటే మాత్రం ఏ బ్యాటరీ ఇవ్వలేదు.

పెట్రోల్‌లోనూ ఈ మధ్య మార్పులొచ్చాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మైలేజీ కాస్త తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో గొట్టాలు, రబ్బరు భాగాలు దానికి తగ్గట్టు ఉంటాయి. అంతకన్నా పాత సెకండ్‌హ్యాండ్ కొంటే ఫ్యూయల్ పైపులు ఒకసారి చూపించుకోండి.

మరి ఎవరికి ఏది

రోజూ నలభై నుంచి డెబ్భై కిలోమీటర్లు, సొంతిల్లు, కింద ప్లగ్గు, ఇంట్లో ఇంకో బండి: కళ్లు మూసుకుని ఎలక్ట్రిక్. విజయవాడ నుంచి మంగళగిరి, తాడేపల్లి, వెలగపూడి తిరిగే ఉద్యోగులు ఎక్కువమంది ఈ లెక్కలోకే వస్తారు. ఆఫీసులో కూడా చార్జింగ్ పెట్టుకోనిస్తే గుంటూరు–విజయవాడ రోజూ తిరిగినా ఇబ్బంది లేదు. అదిలేకపోతే మూడున్నర యూనిట్లకు తక్కువ బ్యాటరీతో ఆ పని పెట్టుకోకండి.

డెలివరీ కుర్రాళ్లు, మెడికల్ రెప్‌లు. డబ్బు లెక్కలో అందరికన్నా ఎక్కువ లాభం మీకే, పట్టికలో మూడో వరస మీదే. చిక్కల్లా రోజుకి వంద దాటడం. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు గంటలు చార్జింగ్ పెట్టుకునే వీలుంటే సరే. లేదంటే ఆర్డర్లు దండిగా వచ్చే రాత్రి ఎనిమిదింటికి బండి చచ్చిపోతుంది. ఇంకోటి, మీకు బండి ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టు, కాబట్టి సర్వీస్ సెంటర్ సంగతి మిగతావాళ్లకన్నా మీరే గట్టిగా చూసుకోవాలి.

పొలం, పాల క్యాన్లు, సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు పల్లెలు, సీజన్‌లో మిర్చి యార్డుకి రాకపోకలు. పెట్రోల్. బరువు, మట్టిరోడ్డు, దగ్గర్లో సర్వీసు లేకపోవడం మూడూ కలిశాయి. ఇంట్లో రెండో బండిగా, ఊళ్లో తిరగడానికి ఎలక్ట్రిక్ ఉంటే ఉండనివ్వండి.

వడ్డేశ్వరం, గుంటూరు కాలేజీల పిల్లలు: హాస్టల్లో చార్జింగ్ పెట్టనివ్వరు, సెలవులకి ఊరెళ్లాలి, కోటప్పకొండ తిరునాళ్లకి ముగ్గురు కలిసి బయల్దేరాలి. సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ బండి చూసుకోండి. (ఇద్దరే ఎక్కండి, హెల్మెట్ ఇద్దరికీ.)

నెలకు మూడొందల కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు ఉన్న బండినే బాగుచేయించుకోండి, ఏదీ కొనక్కర్లేదు.

ఇంకొక్క మాట, ఎలక్ట్రిక్ కావాలని నిర్ణయించుకున్నవాళ్లకి. మోటార్‌సైకిలే ఎందుకు? ఎత్తుపల్లాల రోడ్డు, పెద్ద చక్రాలు, పొడుగు మనిషి అంటే సరే. ఇంట్లో ఆడవాళ్లు కూడా నడపాలి, కాళ్ల దగ్గర బియ్యం బస్తా పెట్టాలి అంటే స్కూటర్ చూడండి. అందులో ఎంపిక ఎక్కువ, సర్వీసు సెంటర్లు ఎక్కువ. మోటార్‌సైకిళ్లలో ఇప్పటికీ చెప్పుకోదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టెస్ట్ రైడ్ ఇలా చేయండి

షోరూమ్ చుట్టూ ఒక చక్కరు కొట్టి "పికప్ అదిరింది" అనడం టెస్ట్ రైడ్ కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లండి, వెనక రోజూ కూర్చునే మనిషిని ఎక్కించుకోండి, బయల్దేరేటప్పుడు శాతం ఎంతో, మీటరు ఎంతో ఫోటో తీసుకోండి. కనీసం పది కిలోమీటర్లు, అందులో సగం మీరు రోజూ వెళ్లే స్పీడులో హైవే మీద. తిరిగొచ్చాక మళ్లీ ఫోటో. పది కిలోమీటర్లకు పన్నెండు శాతం తగ్గితే నూరు శాతం చార్జింగ్‌కి ఎనభై మూడు కిలోమీటర్లన్నమాట, అది కూడా బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. ఐదేళ్ల తర్వాతకి అందులో ఇరవై శాతం తీసేసి, మిగిలింది మీకు సరిపోతుందేమో చూసుకోండి.

మా బావమరిది పైవన్నీ విన్నాడు. రోజుకి నలభై ఐదు కిలోమీటర్లు, ఎలక్ట్రిక్‌కి అచ్చంగా సరిపోయే లెక్క. ఓనరుగారిని ప్లగ్గు అడిగితే "మా ఇంట్లో అలాంటివి పెట్టనివ్వం బాబూ" అన్నారట. స్ప్లెండర్ బుక్ చేశాడు. నిన్న రాత్రి తొమ్మిదికి మళ్లీ ఫోను: "బావా, పక్క వీధిలో ఇల్లు ఖాళీ అయింది, కింద పార్కింగ్‌లో 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంది. బుకింగ్ డబ్బులు వెనక్కిస్తారంటావా?"